కొండెక్కక ముందే దిద్దాల్సిన తప్పు

అలిపిరి పాదాల మండపం దాటి, మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి నడక మొదలుపెట్టే భక్తుల్లో చాలామంది వివరాలు అప్పటికే ఏదో ఒక కంప్యూటర్‌లో చేరిపోయి ఉంటాయి. భూదేవి కాంప్లెక్స్‌లో టోకెన్ తీసుకున్నా, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో టికెట్టు బుక్ చేసుకున్నా పేరు, వయసు, గుర్తింపు కార్డు నంబరు ఇవ్వక తప్పదు. బండి మీద వచ్చినవారికి తనిఖీ కేంద్రం ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి అక్కడ ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. 2023 మార్చి 1న తిరుమలలో ముఖ గుర్తింపు విధానాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ఒకరే మళ్ళీ మళ్ళీ లడ్డూ టోకెన్లు, గదులు తీసుకోకుండా చూడటం దాని ఉద్దేశం. ఆ తర్వాతి నెలలో కాలినడక భక్తులకు దివ్యదర్శనం టోకెన్లు మళ్ళీ ఇవ్వడం మొదలైనప్పుడు అలిపిరి దారికి రోజుకు 10 వేలు, శ్రీవారి మెట్టు దారికి 5 వేలు అని నిర్ణయించారు.

ఈ వివరాలన్నీ ఎందుకంటే, వాటి మీద ఆధారపడి పైన ఎన్నో పనులు జరగాలి. ఎంతమందికి వండాలి, ఎన్ని లడ్డూలు సిద్ధంగా ఉంచాలి, క్యూలైను ఎక్కడ ఆపాలి, ఎవరికి గది ఇవ్వాలి? కింద కౌంటరులో పడిన తప్పు పైకి వెళ్ళేకొద్దీ ఒక్కో నిర్ణయంలో దూరుతుంది.

ఇది ఒక్క పుణ్యక్షేత్రానికి చెందిన విషయం కాదు. ఆస్పత్రిలో రోగి రికార్డు, బ్యాంకులో ఖాతా, పంచాయతీలో ఇంటిపన్ను జాబితా, కాలేజీలో విద్యార్థి వివరాలు, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. మన సంస్థల్లో డేటాను బాగుచేసే ప్రయత్నాలు తరచూ ఒకేలా నడుస్తాయి. తప్పులు పెరిగిపోయాయని పైవారు గమనిస్తారు. ఒక బృందాన్ని వేస్తారు, కొత్త సాఫ్ట్‌వేర్ కొంటారు, నెలల తరబడి పాత రికార్డులు దిద్దిస్తారు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ అవే తప్పులు. మిల్లులో రాళ్ళు వేరుచేసే జల్లెడ చిరిగిపోతే ఇంట్లో ఎన్ని చేటల బియ్యం ఏరినా రేపటి బస్తాలో రాళ్ళు ఉంటూనే ఉంటాయి. డేటా విషయంలోనూ అంతే: తప్పు పుట్టిన చోటే దిద్దాలి. అలా దిద్దడానికి గణితం, గణాంకశాస్త్రం మనకు చాలా మంచి పనిముట్లు ఇచ్చాయి.

మంచి డేటాకు ఆరు గుర్తులు

డేటా నాణ్యతను సాధారణంగా ఆరు కోణాల్లో చూస్తారు. నమోదైనది నిజానికి సరిపోతోందా? కావలసినవన్నీ ఉన్నాయా? ఒకచోట ఉన్నది మరోచోట ఉన్నదానితో పొసుగుతోందా? ఇప్పటికీ చెల్లే వివరమేనా? నిర్ణయించిన రూపంలో ఉందా? ఒక మనిషికి ఒకే రికార్డు ఉందా? కచ్చితత్వం, సంపూర్ణత, పొందిక, తాజాదనం, చెల్లుబాటు, ఏకత్వం అని వీటికి పేర్లు పెట్టుకోవచ్చు.

వీటిలో తాజాదనం ఎంత త్వరగా పోతుందో మన ప్రాంతం వారికి బాగా తెలుసు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. ముందురోజు దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న శ్రీకాళహస్తి, నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్ళూరుపేట తెల్లారేసరికి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. ఎవరూ ఇల్లు మారలేదు, ఎవరూ తప్పు రాయలేదు. అయినా వేలాది రికార్డుల్లో జిల్లా పేరు పాతబడిపోయింది. అప్పుడు జిల్లాల వారీగా లెక్క తీసినవారికి చిత్తూరు నుంచి వచ్చేవారు ఒక్కసారిగా తగ్గిపోయినట్టు కనిపించి ఉంటే, అది జనంలో వచ్చిన మార్పు కాదు, సరిహద్దులో వచ్చిన మార్పు. మండలం, పిన్‌కోడ్ వేరుగా నమోదు చేసుకున్న సంస్థకు ఇలాంటప్పుడు ఇబ్బంది తక్కువ. మండలం నుంచి కొత్త జిల్లాను తేలిగ్గా రాబట్టవచ్చు.

చెల్లుబాటుకూ కచ్చితత్వానికీ తేడా తెలుసుకోవడం అంతకంటే ముఖ్యం. పుట్టినతేదీ తెలియని పెద్దవారికి చాలా పత్రాల్లో జనవరి 1 అని వేసేస్తారు. ఆ తేదీ రూపంలో ఏ లోపమూ లేదు, కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పదు. కానీ ఒక జాబితాలో జనవరి 1న పుట్టినవారు మిగతా రోజులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తే అది జననాల సంగతి కాదు, ఫారం నింపిన తీరు సంగతి. వయసు అడిగితే 40, 45, 50 అని సున్నాకో ఐదుకో సర్దుబాటు చేసి చెప్పడం కూడా ఇలాంటిదే. మన జనాభా లెక్కల్లో ఇది ఎప్పటినుంచో కనిపిస్తోంది. అది ఎంత ఉందో కొలవడానికి గణాంకశాస్త్రంలో విపుల్ సూచీ అని ఒకటి ఉంది.

ఒక శాతం తప్పు చిన్నదేనా?

"మా దగ్గర 99 శాతం సరిగ్గానే ఉంటుంది" అని చెప్పుకునే సంస్థలు చాలా ఉన్నాయి. ఒక లెక్క వేసి చూద్దాం. ఒక రికార్డులో పది గడులు ఉన్నాయి, ఒక్కో గడిలో తప్పు పడే అవకాశం ఒక శాతం అనుకుందాం. అన్ని గడులూ సరిగ్గా ఉండే అవకాశం 0.99ని పదిసార్లు గుణిస్తే వస్తుంది, అంటే సుమారు 0.904. దాదాపు ప్రతి పదో రికార్డులోనూ ఎక్కడో ఒకచోట తప్పు ఉంటుందన్నమాట. రోజుకు 70 వేల రికార్డులు నమోదయ్యే చోట ఇది రోజుకు సుమారు 6,700 రికార్డులు. అందుకే తక్కువ గడులు పెట్టడం నాణ్యతకు మొదటి మెట్టు. ఏ నిర్ణయానికీ పనికిరాని వివరం అడగకపోతే అందులో తప్పు పడే అవకాశమే ఉండదు, భక్తుడి సమయమూ మిగులుతుంది.

అంకెల్లో పడే తప్పులకు మంచి విరుగుడు ఉంది. ఆధార్‌లో 12 అంకెలుంటే పన్నెండోది మిగతా పదకొండింటి నుంచి లెక్కకట్టి పెట్టిన తనిఖీ అంకె. 1969లో యాకబస్ వెర్హోఫ్ అనే డచ్ గణితవేత్త రూపొందించిన పద్ధతి ఇది. ఒక అంకె తప్పుగా కొట్టినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా తప్పనిసరిగా పట్టేస్తుంది. మనుషులు టైపు చేసేటప్పుడు ఎక్కువగా చేసే తప్పులు ఈ రెండే. అయితే దాని శక్తి అంతవరకే. అమ్మ నంబరు కొట్టాల్సినచోట నాన్న నంబరు కొడితే అది కూడా సరైన నంబరే కాబట్టి తనిఖీ దాటిపోతుంది.

మునిరత్నం, మునిరత్నమ్మ

పేర్ల దగ్గర చిక్కు ఇంకా పెద్దది. ఒకే మనిషి రెండుసార్లు నమోదైతే గుర్తించడం ఎలా? రెండు పేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో కొలవడానికి 1965లో సోవియట్ గణితవేత్త వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ ఒక కొలత ఇచ్చాడు. ఒక పేరును మరో పేరుగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసేయాలి, మార్చాలి? ఆ సంఖ్యే వాటి మధ్య దూరం.

దీన్ని మన పేర్లకు పెట్టి చూడండి. లక్ష్మి అనే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కొందరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, కొందరు ఆ మూడింటి బదులు ఒక్క ఎక్స్ పెడతారు. మనిషి ఒక్కరే, కానీ లెవెన్‌స్టైన్ లెక్కలో దూరం 3. చిత్తూరు జిల్లాలో ముని అనే మాటతో మొదలయ్యే పేర్లు ఇంటింటా వినిపిస్తాయి. మునిరత్నం, మునిరత్నమ్మ అనే అన్నాచెల్లెళ్ళను ఇంగ్లీషులో రాస్తే చివర రెండక్షరాలే తేడా, దూరం 2. దూరం తక్కువైతే ఒకే మనిషి అని నమ్మే సాఫ్ట్‌వేర్ అన్నాచెల్లెళ్ళను కలిపేసి, ఒకే లక్ష్మిని ఇద్దరిని చేస్తుంది. అవే పేర్లు తెలుగు లిపిలో ఉంటే లక్ష్మికి లక్ష్మికి దూరం సున్నా, మునిరత్నానికి మునిరత్నమ్మకు (కంప్యూటర్ సున్న, పొల్లు వంటి గుర్తులను కూడా విడిగా లెక్కపెడుతుంది కాబట్టి) దూరం 3. ఫలితం తలకిందులై సరిగ్గా వస్తుంది.

దీన్నిబట్టి పేరును సొంత లిపిలో కూడా నమోదు చేసుకోవాలి. తెలుగువారిది తెలుగులో, తమిళులది తమిళంలో, కన్నడిగులది కన్నడంలో. మూడు భాషలూ కలిసే దక్షిణ రాయలసీమలో ఇది మరీ అవసరం. ఇంటిపేరు ముందు రాసే తెలుగువారూ, తండ్రి పేరులోని మొదటి అక్షరం పెట్టుకునే తమిళులూ ఒకే క్యూలో నిలబడే చోట పేరు, ఇంటిపేరు అని రెండు గడులు పెట్టి వదిలేస్తే సరిపోదు.

పేరు కలిసినంత మాత్రాన మనిషి ఒకరే అనుకోవడానికీ వీల్లేదు. దీనికి కెనడా గణాంకవేత్తలు ఐవన్ ఫెల్లెగి, అలన్ సంటర్ 1969లో గట్టి గణిత పునాది వేశారు. ప్రతి సారూప్యానికీ ఒక బరువు ఉంటుంది. ప్రతి 20 మందిలో ఒకరికి ఉండే పేరు రెండు రికార్డుల్లోనూ కలిస్తే, అవి ఒకే మనిషివి అనే నమ్మకం సుమారు 20 రెట్లే పెరుగుతుంది. 2,000 మందిలో ఒకరికి ఉండే ఇంటిపేరు కలిస్తే దాదాపు 2,000 రెట్లు పెరుగుతుంది. తిరుపతిలో ఇద్దరు వెంకటేశ్వర్లు కలవడం పెద్ద ఆధారం కాదు. వారి ఊరు, పుట్టిన సంవత్సరం, అరుదైన ఇంటిపేరు కూడా కలిస్తే ఆధారం. ఈ బరువులన్నీ కూడి, మొత్తం బాగా ఎక్కువైతే ఒకరే అనీ, బాగా తక్కువైతే వేర్వేరనీ తేల్చవచ్చు. మధ్యలో పడినవాటిని యంత్రానికి వదలకుండా మనిషి చూడాలని వారి సిద్ధాంతంలోనే ఉంది. సంస్థలు తరచూ వదిలేసేది ఈ చివరి మాటనే.

ఉప్పు చెప్పిన నిజం

ఒక సంఖ్య సరైనదో కాదో దాన్నొక్కదాన్నే చూసి చెప్పలేం. ఇంకో దారిలో వచ్చిన సంఖ్యతో పోల్చాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ప్రపంచ ప్రసిద్ధ గణాంకవేత్త అయిన తెలుగువాడు సి.ఆర్. రావు (1920–2023) తన 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పుస్తకంలో ఒక సంఘటన చెప్పారు. 1947 అల్లర్ల సమయంలో ఢిల్లీ ఎర్రకోటలో ఎందరో తలదాచుకున్నారు. వారికి భోజనం పెట్టే కాంట్రాక్టర్లు ఎంత బిల్లు వేస్తే ప్రభుత్వం అంత చెల్లించాల్సి వచ్చింది. లోపల ఎంతమంది ఉన్నారో బయటివారికి తెలియదు. గణాంకవేత్తలు బియ్యం, పప్పు, ఉప్పు బిల్లులు విడివిడిగా తీసుకుని, ఒక్కో మనిషి వాడకంతో భాగించి చూశారు. బియ్యం లెక్కన జనం చాలా ఎక్కువ తేలారు, ఉప్పు లెక్కన చాలా తక్కువ. బియ్యం ఖరీదైనది కాబట్టి ఎక్కువ రాసుకుంటే లాభం. ఉప్పు చవక, దాన్ని పెంచి రాసినా ఒరిగేదేమీ లేదు. గణాంకవేత్త జె.ఎం. సేన్‌గుప్తా సూచించిన ఆ ఉప్పు లెక్కనే నమ్మారు. హుమాయూన్ సమాధి దగ్గరున్న చిన్న శిబిరంలో సరిచూస్తే అది నిజానికి దగ్గరగా ఉందని తేలింది.

ఏ సంస్థలోనైనా ఈ ప్రశ్న వేసుకోవాలి: ఈ అంకె ఎక్కువైతే ఎవరికి లాభం, తక్కువైతే ఎవరికి నష్టం? ఎవరి లాభనష్టాలతోనూ సంబంధం లేని సంఖ్యను ఒకదాన్ని పక్కన పెట్టుకుని పోల్చాలి. తిరుమలకు సంబంధించి పత్రికల్లో రోజూ మూడు అంకెలు వస్తాయి: దర్శనం చేసుకున్నవారెందరు, తలనీలాలు సమర్పించినవారెందరు, హుండీ కానుకలెంత. ఇవి మూడు వేర్వేరు చోట్ల పుట్టే లెక్కలు. దర్శనాలకూ తలనీలాలకూ మధ్య నిష్పత్తి రోజురోజుకూ కొంత మారుతుంది, కానీ ఒక హద్దులో ఉంటుంది. ఒకరోజు అది హద్దు దాటిందంటే, నిజంగా కొత్తదేదో జరిగి ఉండాలి లేదా ఎక్కడో నమోదు తప్పి ఉండాలి. రెండిట్లో ఏదైనా వెంటనే తెలుసుకోవాల్సిందే.

రేకు నంబరు నేర్పే పాఠం

పాత రికార్డులను ఎలా గౌరవించాలో నేర్చుకోవడానికి తిరుపతి వారు దూరం వెళ్ళక్కర్లేదు. తిరుమల ఆలయంలోని రాగిరేకుల మీద చెక్కిన తాళ్ళపాక కవుల సంకీర్తనలను సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పరిష్కరించారు, దేవస్థానం సంపుటాలుగా అచ్చువేసింది. అన్నమాచార్యుల సంకీర్తనలు 32 వేలని సంప్రదాయం చెబుతుంది, దొరికినవి సుమారు 14 వేలు. అచ్చులో సంకీర్తనకు సంపుటం సంఖ్యతో పాటు రేకు సంఖ్య కూడా ఉంటుంది. ఏ మాట మీద అనుమానం వచ్చినా ఆ రేకు దగ్గరికి వెళ్ళి చూసుకోవచ్చు. డేటా భాషలో చెప్పాలంటే ప్రతి వివరానికీ అది ఎక్కడ నుంచి వచ్చిందో గుర్తు ఉండాలన్నమాట. రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. ఈనాడు మనం వినే బాణీలు తర్వాతి విద్వాంసులు కట్టినవి. వాటిని వారి పేరుతోనే చెబుతాం, రేకులో ఉన్నట్టు చెప్పం.

ఈ పద్ధతిని కార్యాలయంలోకి తీసుకురావాలి. పాత రికార్డును దిద్దేటప్పుడు మొదటి రూపాన్ని చెరపకూడదు. ఏది దిద్దాం, ఎవరు దిద్దారు, ఎప్పుడు, ఏ ఆధారంతో అన్నది పక్కన ఉండాలి. లేనిదాన్ని ఊహించి నింపితే అది ఊహ అని రాసి ఉండాలి.

ప్రాజెక్టును నడిపించే తీరు

ఇప్పుడు అసలు పనికి వద్దాం. మొదట ఒకే ఒక్క నిర్ణయాన్ని ఎంచుకోండి. "మొత్తం డేటా బాగుచేస్తాం" అన్న ప్రాజెక్టు ఎప్పటికీ ముగియదు. "రేపు ఎంతమంది వస్తారో ముందురోజు సాయంత్రానికి సరిగ్గా చెప్పాలి" అన్నది ముగిసే పని. ఆ నిర్ణయానికి అవసరమైన నాలుగైదు గడులు తప్ప మిగతావి ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

తర్వాత మాటలకు అర్థం రాసుకోండి. భక్తుల సంఖ్య అంటే టోకెన్ తీసుకున్నవారా, దారిలో స్కాన్ చేయించుకున్నవారా, దర్శనం చేసుకున్నవారా? 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనంలో 12 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. అంటే అమ్ముడైన టికెట్లూ, లోపలికి వెళ్ళినవారూ ఎప్పటికీ ఒకటి కావు. రెండు విభాగాలు రెండు అర్థాలు పెట్టుకుని, ఒకరి లెక్క తప్పని ఇంకొకరు వాదించుకోవడం సంస్థల్లో రోజూ జరిగేదే. అక్కడ తప్పు లెక్కలో లేదు, రాసిపెట్టుకోని నిర్వచనంలో ఉంది.

మూడోది కొలత. లక్షల రికార్డులు తిరగేయక్కర్లేదు. చీటీలు తీసినట్టు ఏ పక్షపాతం లేకుండా 400 రికార్డులు తీసి, ఒక్కోదాన్ని అసలు పత్రంతోనో మనిషితోనో సరిచూడండి. మొత్తం రికార్డులు లక్షైనా కోటైనా, ఆ 400తో తేలిన తప్పుల శాతం నూటికి 95 సందర్భాల్లో అసలు శాతానికి అటూఇటూ 5 పాయింట్లలోపే ఉంటుంది. ఈ కొలత లేకుండా పని మొదలుపెడితే, ముగిశాక బాగుపడిందో లేదో ఎవరూ చెప్పలేరు.

నాలుగోది కారణం. దొరికిన తప్పులను రకాలవారీగా, కౌంటర్లవారీగా, వేళలవారీగా విడదీయండి. సాధారణంగా రెండు మూడు కారణాలే చాలా తప్పులకు మూలమవుతాయి. ఆ తర్వాత నమోదు చేసే ఉద్యోగి పక్కన కూర్చుని చూడండి. ఎదురుగా తెల్లవారుజామున వచ్చిన వందలమంది, చేతిలో పసిబిడ్డలు, వెనకనుంచి తొందర. ఫోన్ నంబరు లేదన్న వృద్ధుడి రికార్డు ఆ గడి నింపనిదే ముందుకు కదలకపోతే, ఉద్యోగి పది తొమ్మిదులు కొట్టి పంపిస్తాడు. ఆ అబద్ధం చెప్పించింది ఆ ఫారమే. "లేదు", "తెలియదు" అనే రెండు మాటలకు చోటిస్తే ఆ అబద్ధం అక్కడే ఆగిపోతుంది. ఖాళీ గడి నిజమైన ఖాళీ అని తెలిస్తే దాన్ని తర్వాత నింపవచ్చు. నకిలీ నంబరుతో నిండిన గడిని ఎవరూ తిరిగి చూడరు.

ఐదోది, ఎవరి వివరమో వారికే చూపించండి. చిత్తూరు పల్లెల్లో పాలకేంద్రం దగ్గర పోసిన లీటర్లు, వెన్న శాతం, రావలసిన డబ్బు చీటీ మీద వస్తాయి. రైతు అక్కడే చదువుకుంటాడు, తేడా ఉంటే అక్కడే నిలదీస్తాడు. అంతకు మించిన తనిఖీదారు ఎవరున్నారు? టోకెన్ చేతికి ఇవ్వకముందే పేరు, వయసు తెర మీద భక్తుడి భాషలో చూపితే చాలా తప్పులు క్షణాల్లో దొరుకుతాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన వివరాలు సరిచేయించుకునే హక్కును పౌరుడికి ఇచ్చింది. ఒక మనిషి గురించి నిర్ణయం తీసుకోవడానికి వాడే డేటా సంపూర్ణంగా, కచ్చితంగా, పొందికగా ఉండేలా చూడటం సంస్థ బాధ్యత అని చెప్పింది. దిద్దే దారి సులువుగా ఉంటే ఆ హక్కు కాగితం మీద మిగిలిపోదు.

ఆరోది, ప్రతి ముఖ్యమైన గడికీ ఒక బాధ్యుడు ఉండాలి. అతను కంప్యూటర్ విభాగంవాడు కానక్కర్లేదు, చాలాసార్లు కాకూడదు కూడా. చిరునామాను వాడి పనిచేసే విభాగానికే చిరునామా బాధ్యత ఉండాలి. జిల్లా మారినప్పుడు మార్చాలని అందరికన్నా ముందు తెలిసేది వారికే.

చివరిది నిలుపుకోవడం. 1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ ఫ్యాక్టరీ ఉత్పత్తుల కోసం తయారుచేసిన నియంత్రణ పటం ఇక్కడా పనికొస్తుంది. వారం వారం చిన్న నమూనా తీసి తప్పుల శాతాన్ని ఒక గీత మీద గుర్తించండి. పైనా కిందా హద్దులు గీయండి. హద్దులోపల ఊగేదాన్ని చూసి ఎవరినీ తిట్టవద్దు, అది పద్ధతిలోనే ఉన్న ఊగిసలాట. దాన్ని తగ్గించాలంటే పద్ధతి మార్చాలి, అది యాజమాన్యం పని. హద్దు దాటిన రోజున మాత్రం ఆ రోజు ఏం జరిగిందో వెతకండి. కొత్త సిబ్బంది వచ్చారా, సాఫ్ట్‌వేర్ మారిందా, నెట్‌వర్క్ ఆగిందా? తప్పు చెప్పినవారిని శిక్షించే చోట తప్పులు తగ్గవు, కనిపించడం మానేస్తాయి.

ఇవేవీ భారీ ఖర్చుతో కూడిన పనులు కావు. నాలుగు వందల రికార్డులు, వాటిని ఓపికగా సరిచూసే ఇద్దరు మనుషులు, కౌంటరులో కూర్చునే ఉద్యోగి మాట వినే అధికారి ఉంటే ఏ ఆస్పత్రిలోనైనా, ఏ మండల కార్యాలయంలోనైనా వచ్చే సోమవారమే మొదలుపెట్టవచ్చు. ప్రతి రికార్డు వెనకా ఒక మనిషి ఉంటాడు. పేరు తప్పుపడితే క్యూలో ఆగిపోయేది, మందు తారుమారయ్యేది, పింఛను రాకపోయేది ఆ మనిషికే. వారి వివరాన్ని ఒక్కసారి సరిగ్గా రాసుకోవడం సంస్థ వారికి చేయగల అతి ప్రాథమికమైన సేవ.